ప్రత్యేక పాఠశాల నుండి మన పాఠశాల వరకు

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో భవనాల చరిత్ర, పూర్వ ప్రధానోపాధ్యాయుల సేవలు, పేరు తెచ్చుకొన్న పూర్వ విద్యార్థుల విశేషాలు ఇతర పుటలలో పాఠకులు చదువుతారు. ఇటువంటి సంచికలలో సాధారణంగా చోటు దొరకని చరిత్ర మరొకటి కలదు. చూపు మందగించిన పిల్లలు, చెవి వినబడని పిల్లలు, కాలికి ఇనుప ఊతకట్టు కట్టుకొని మెట్లెక్కిన పిల్లలు, ఎంత దిద్దించినా అక్షరం చేతికి లొంగని పిల్లలు, వీరందరి చదువు చరిత్ర అది. వీరు ప్రతి తరంలోనూ ఉన్నారు. అయితే బడిలో ఉన్నారా, బడి బయట ఉన్నారా అన్నదే ప్రశ్న. గత నూట ముప్పది సంవత్సరాలుగా ఆ ప్రశ్నకు మన దేశం, ముఖ్యంగా మనం నివసిస్తున్న ఈ దక్షిణ ప్రాంతం, ఏ విధంగా సమాధానం వెదకుతూ వచ్చిందో సంగ్రహంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

తొలి పాఠశాలలు

మన దేశంలో వైకల్యం గల పిల్లలకు క్రమబద్ధమైన విద్య పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ప్రారంభమైంది. 1880ల దశకంలో బొంబాయిలో బధిరుల పాఠశాల వెలసింది. 1887లో ఆనీ షార్ప్ అనే క్రైస్తవ మిషనరీ అమృతసర్‌లో అంధులకు పాఠశాల నెలకొల్పారు. 1893లో కలకత్తాలో బధిరుల పాఠశాల ఆరంభమైంది. దానిని స్థాపించినవారు మన దేశీయులే.

దక్షిణాదిలో ఈ పనికి తొలి కేంద్రం తిరునెల్వేలి ప్రక్కనున్న పాళయంకోట. 1890 ప్రాంతంలో ఆస్క్విత్ అనే మిషనరీ మహిళ అక్కడ అంధ బాలురకు చదువు చెప్పనారంభించారు. అదే దశకంలో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అనే మరొక మహిళ అదే ఊరిలో బధిర బాలబాలికలకు పాఠశాల ప్రారంభించారు. 1901లో మైసూరులో ఎం. శ్రీనివాసరావు గారు అంధ బధిరుల పాఠశాలను నెలకొల్పారు. పూనమల్లిలోని అంధుల పాఠశాల కూడ స్వాతంత్ర్యానికి పూర్వం నాటిదే. అప్పట్లో కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మదరాసు రాష్ట్రంలో అంతర్భాగాలు. ఆ విధంగా ఈ పాఠశాలల చరిత్ర తెలుగువారి చరిత్రలో కూడ భాగమే.

ఆ స్థాపకుల త్యాగం సామాన్యమైనది కాదు. బిచ్చమెత్తుకోవడమే గతి అనుకొన్న బిడ్డ చేత నేత, పేము అల్లిక, సంగీతం నేర్పించి బ్రతుకుదెరువు చూపించారు. కాని ఆ చదువుకు ఒక షరతు ఉండేది. బిడ్డ ఇల్లు, ఊరు, తోబుట్టువులను వదలి దూరపు వసతిగృహానికి వెళ్ళాలి. ఆ పాఠశాలలు బహు కొద్ది. వాటిలో చోటు దొరికినవారు కొందరే. మిగిలినవారి పేర్లు ఏ హాజరు పట్టికకూ ఎక్కలేదు.

ఆరు చుక్కల లిపి

ఈ చరిత్రలో తెలుగువారు తప్పక తెలుసుకొనవలసిన ఘట్టం ఒకటి కలదు. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిలీ రూపొందించిన ఆరు చుక్కల లిపి మన దేశానికి వచ్చినప్పుడు, ఒక్కొక్క ప్రాంతం వారు ఒక్కొక్క విధంగా దానిని తమ భాషకు అన్వయించుకొన్నారు. ఫలితంగా ఒకే చుక్కల గుర్తు ఒక భాషలో ఒక శబ్దాన్ని, వేరొక భాషలో మరొక శబ్దాన్ని సూచించేది. రెండు భాషల నడుమ పెరిగే అంధ బాలునికి ఇది ఎంత చిక్కో ఊహించవచ్చు.

స్వాతంత్ర్యానంతరం యునెస్కో తోడ్పాటుతో జరిగిన చర్చల ఫలితంగా 1951లో భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి లిపి రూపొందింది. భాష ఏదైనా ఒకే శబ్దానికి ఒకే గుర్తు ఉండాలన్నది దాని మూల సూత్రం. తెలుగు 'క'కు, తమిళ 'క'కు, కన్నడ 'క'కు గుర్తు ఒక్కటే. ఎడమ వరుసలోని మూడు చుక్కలలో పైదీ, క్రిందిదీ ఉబ్బెత్తుగా ఉంటే అది 'క'. ఇంగ్లీషు 'కే' అక్షరానికి కూడ అదే గుర్తు. కన్నుతో చదివే మన పిల్లలు చెన్నపట్నంలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు అనే మూడు లిపులు నేర్చుకోవలసి వస్తున్నది. వ్రేలితో చదివే బిడ్డకు మాత్రం మూడు భాషలకూ పునాది ఒక్కటే. బిడ్డ అవసరాన్ని బట్టి పెద్దలు ఏర్పాటు మార్చుకొంటే ఎంత భారం తగ్గుతుందో ఈ లిపి చరిత్ర చెబుతున్నది.

స్వాతంత్ర్యానంతరం

మన పాఠశాల పురుడు పోసుకొన్న కాలం, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చిన కాలం దాదాపు ఒక్కటే. పదునాలుగు సంవత్సరాల వయస్సు వరకు బాలలందరికీ పది సంవత్సరాలలోగా ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం నాడు నిర్దేశించింది. 'అందరికీ' అన్న మాటలో వైకల్యం గల పిల్లలు కూడ ఉన్నారని గుర్తించడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ విద్యా సంఘం ఈ విషయాన్ని సూటిగా చర్చించింది. ఈ పిల్లల విద్య దయాధర్మంగా జరగవలసినది కాదనీ, సాధారణ విద్యా వ్యవస్థలో విడదీయరాని భాగమనీ ఆ సంఘం అభిప్రాయపడింది. అయినా ఆ సంఘం నిర్ణయించిన లక్ష్యం ఎంత పరిమితమైనదో గమనించండి. 1986 నాటికి అంధులు, బధిరులు, అంగవైకల్యం గలవారిలో సుమారు 15 శాతం మందికీ, బుద్ధిమాంద్యం గలవారిలో సుమారు 5 శాతం మందికీ విద్య అందించగలిగితే చాలునని భావించింది. వందమందిలో ఎనభై అయిదుగురు బడి బయట ఉండిపోవడం నాటికి సాధ్యాసాధ్యాల లెక్క.

ఆ దశాబ్దాలలో ప్రాథమిక తరగతులలో ఎక్కువగా కంటబడిన వైకల్యం పోలియో. కాలు చచ్చుబడిన బిడ్డను తల్లి చంకనెత్తుకొని బడికి తేవడం, తరగతి మేడమీదికి మారిన ఏడు చదువు మానిపించడం నాటి బడులన్నిటిలో మామూలుగా జరిగేవి. ఆ బిడ్డ తెలివికి ఏ లోపమూ లేదు. చదువు ఆగిపోవడానికి కారణం మెట్లు. 1995లో ఆరంభమైన పల్స్ పోలియో కార్యక్రమం ఫలితంగా మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమైనట్లు ధ్రువీకరణ లభించింది. పోలియో పోయింది. మెట్లు మాత్రం చాలా బడులలో అలాగే ఉన్నాయి. ఇతర కారణాలతో నడవలేని పిల్లలను అవి నేటికీ ఆపుతున్నాయి.

మామూలు బడిలోకి

1974లో కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకాన్ని ప్రవేశపెట్టింది. వైకల్యం గల బిడ్డ సాధారణ పాఠశాలలో చదవడానికి పుస్తకాలు, ఏకరూప దుస్తులు, రవాణా ఖర్చు, చదివి వినిపించేవారికి భత్యం, ప్రత్యేక ఉపాధ్యాయుని నియామకం వంటి సహాయాలను అది కల్పించింది. 1986 జాతీయ విద్యా విధానం ఈ మార్గాన్నే బలపరచింది. 1987లో యునిసెఫ్ సహకారంతో మొదలైన మరొక ప్రయోగాత్మక పథకంలో తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలు కూడ పాలు పంచుకొన్నాయి. ఎంచుకొన్న ప్రాంతంలోని ఉపాధ్యాయులందరికీ కొద్ది రోజుల శిక్షణ, కొందరికి మరి కొన్ని వారాలు, మరి కొందరికి సంవత్సర కాలపు శిక్షణ ఇవ్వడం దాని పద్ధతి. ప్రత్యేక ఉపాధ్యాయుడు వచ్చేదాకా తరగతి ఉపాధ్యాయిని చేతులు కట్టుకొని కూర్చోరాదన్న సూత్రం ఇందులో కలదు. వృత్తిలో ఉన్న మా బోటివారికి అది నేటికీ వర్తిస్తుంది.

ఇదే కాలంలో లోకపు మాట తీరు కూడ మారింది. 1978లో బ్రిటనులో మేరీ వార్నాక్ అధ్యక్షతన వెలువడిన నివేదిక 'ప్రత్యేక విద్యా అవసరాలు' అన్న పదబంధాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. బిడ్డకు ఏ లోపమున్నదని అడగడం కంటె ఏ సహాయం కావాలని అడగడం మేలన్నది దాని సారాంశం. 1994లో స్పెయిన్ దేశంలోని సలమంకా నగరంలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సమావేశమై, సాధారణ పాఠశాలలే పిల్లలందరినీ చేర్చుకొనాలని ప్రకటించారు. మన పల్లెలలో, వాడలలో లోపాన్నే పేరుగా పెట్టి పిలిచే అలవాటు ఎంత పాతదో మనకు తెలుసు. తమిళనాడు ప్రభుత్వ వ్యవహారంలో ఇప్పుడు 'మాట్రుత్తిరనాళి' అన్న పదం స్థిరపడింది. వేరొక విధమైన సామర్థ్యం గలవారని దాని భావం. పేరు మారినంత మాత్రాన బ్రతుకు మారదు. అయినా తరగతి గదిలో ఉపాధ్యాయిని నోట వచ్చే పదమే మిగిలిన నలభైమంది నోటా వస్తుంది.

చెన్నపట్నం చేసిన పని

ఈ రంగంలో మన నగరానికి సముచితమైన స్థానం కలదు. 1972లో మిథూ ఆలూర్ గారు బొంబాయిలో స్థాపించిన స్పాస్టిక్స్ సొసైటీ స్ఫూర్తితో, 1985లో పూనమ్ నటరాజన్ గారు మదరాసులో మస్తిష్క పక్షవాతం గల పిల్లల కోసం ఒక కేంద్రాన్ని ప్రారంభించారు. నేడది విద్యాసాగర్ అన్న పేరుతో ప్రసిద్ధమైనది. వారిద్దరూ అటువంటి బిడ్డలను కన్న తల్లులే. ఎక్కడా దొరకని సహాయాన్ని వెదకి వెదకి, చివరకు తామే నిర్మించుకొన్నారు. 1990ల తొలినాళ్ళలో మదరాసు డిస్లెక్సియా సంఘం ఏర్పడి, తెలివి ఉండి కూడ చదవడం, వ్రాయడం పట్టుబడని పిల్లల సమస్యకు ఒక పేరు ఉన్నదని తల్లిదండ్రులకు తెలియజెప్పింది. 2005లో నగర సమీపాన ముట్టుకాడులో బహుళ వైకల్యాలు గలవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ నెలకొన్నది. అంతకు పూర్వమే 1965లో మైసూరులో వాక్ శ్రవణ సంస్థ, 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యం గలవారి జాతీయ సంస్థ ఏర్పడ్డాయి.

చట్టం తెరచిన తలుపు

1995లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం పదునెనిమిది సంవత్సరాల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. ఆ చట్టం గుర్తించినవి ఏడు వైకల్యాలు. అక్షరాలు తారుమారయ్యే బిడ్డకు గాని, ఆటిజం గల బిడ్డకు గాని అందులో పేరు లేదు. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 2012లో దానిని సవరించి వైకల్యం గల పిల్లలను స్పష్టంగా చేర్చారు. తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటి వద్దనే చదువుకొనే అవకాశాన్ని కూడ కల్పించారు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడు వైకల్యాలను ఇరవై ఒకటిగా విస్తరించింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, వాగ్భాషా వైకల్యం మొదలైనవి అందులో చేరాయి. 40 శాతం, ఆపై వైకల్యం ధ్రువపడిన బిడ్డకు ఆరు నుండి పదునెనిమిది సంవత్సరాల వరకు పొరుగు పాఠశాలలో గాని, ఇష్టపడిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు లభించింది. అభ్యసన వైకల్యాలను సాధ్యమైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవడం పాఠశాల బాధ్యతగా అందులో పేర్కొన్నారు. అంధ బధిర బాలలకు వారికి అత్యంత అనుకూలమైన భాషలలో విద్య నేర్పాలని కూడ ఆ చట్టం చెబుతున్నది. 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం ఇటువంటి పిల్లల సంఖ్యకు తగినట్లు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తికి ప్రమాణాలు ప్రకటించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

మన పిల్లల ప్రత్యేక స్థితి

ఇంతవరకు చెప్పినది దేశమంతటికీ చెందిన చరిత్ర. తమిళనాట తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివే బిడ్డ విషయంలో మరొక చిక్కు కలదు. 2006 నాటి తమిళ విద్యా చట్టం వలన ఈ రాష్ట్రంలోని పిల్లలందరూ మొదటి తరగతి నుండి తమిళం నేర్చుకొంటున్నారు. ఉన్నచోటి భాష నేర్వడం మన పిల్లలకు మేలే. కాని అభ్యసన వైకల్యం గల బిడ్డకు ఒకేసారి మూడు లిపులు మూడు బరువులు. ఆ బిడ్డను పరీక్షించే నిపుణులు సాధారణంగా తమిళంలోనో, ఇంగ్లీషులోనో ప్రశ్నిస్తారు. ఇంట తెలుగు తప్ప వినని ఆరేళ్ళ బిడ్డ జవాబు చెప్పకపోతే, అది అర్థం కాకనా, భాష రాకనా అన్నది ఎవరు తేల్చాలి?

ఒక ఉదాహరణ చెబుతాను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ శబ్దాలకు ఒకే అక్షరం. ప, ఫ, బ, భలకు కూడ అంతే. ఆ అలవాటు పడిన బిడ్డ తెలుగులో 'గడప' అని వ్రాయబోయి 'కడప' అని వ్రాస్తాడు. 'బడి' బదులు 'పడి' అని వ్రాస్తాడు. ఇది వైకల్యం కాదు, ఇరుగుపొరుగు లిపి ప్రభావం. అభ్యాసంతో తొలగిపోతుంది. అదే బిడ్డ 'పలక'ను 'పకల' అని వ్రాస్తున్నా, ఒత్తులు, గుణింతపు గుర్తులు ఎంత దిద్దించినా జారవిడుస్తున్నా, 'పలకలో ఎన్ని అక్షరాలు?' అని నోటితో అడిగినా విడదీసి చెప్పలేకపోతున్నా, తమిళంలోనూ ఇదే ఇబ్బంది కనబడుతున్నా, నిపుణులకు చూపించవలసినదే. ఈ తేడా కనిపెట్టగలిగినవారు రెండు భాషలూ తెలిసిన తరగతి ఉపాధ్యాయినులు. అందుచేత నిపుణుని వద్దకు పంపేటప్పుడు బిడ్డ తెలుగు నోటుపుస్తకం, ఇంట మాట్లాడే భాషను గూర్చిన చిన్న లేఖ వెంట పంపడం అవసరం. వీలైతే తెలుగు తెలిసినవారు ఒకరు తోడు వెళ్ళాలి.

వినికిడి లోపం గల బిడ్డ సంగతి కూడ ఇటువంటిదే. పెదవుల కదలికను బట్టి చూస్తే ప, బ, మ ఒకటిగానే కనిపిస్తాయి. సందర్భాన్ని బట్టి బిడ్డ మాటను ఊహించుకోవాలి. ఇంట ఒక భాష, చికిత్సాలయంలో ఒక భాష అయితే ఆ ఊహకు ఆధారమే ఉండదు. వినికిడి యంత్రం ఇచ్చే చోట మాట నేర్పించేది ఏ భాషలోనని మొదటనే అడగవలసిన బాధ్యత తల్లిదండ్రులది. ఇంట తెలుగు మానివేయాలని ఎవరైనా సలహా ఇస్తే, అమ్మ మాట్లాడగల భాష అదేనని నిస్సంకోచంగా చెప్పండి.

మన పాఠశాలకు పిల్లలను పంపే కుటుంబాలలో అధిక భాగం నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుండి బ్రతుకుదెరువు కోసం తరలివచ్చినవారి సంతతి. రోజు కూలి పోగొట్టుకొని ఆసుపత్రి చుట్టూ తిరగడం వారికి సులభం కాదు. బిడ్డకు వైకల్య ధ్రువపత్రం తీసుకొంటే అక్క పెండ్లికి అడ్డమవుతుందేమోనన్న భయం కూడ కలదు. ఈ భయం వలన ఎందరో పిల్లలు మూడవ తరగతిలోనో, నాలుగవ తరగతిలోనో బడికి రావడం మానుకొంటారు. పట్టికలో 'లాంగ్ ఆబ్సెంట్' అన్న రెండు మాటలతో వారి చదువు ముగుస్తుంది. ధ్రువపత్రం బిడ్డ మీద వేసే ముద్ర అని భావించకండి. సహాయ పరికరం, భత్యం, పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు, ఇవన్నీ ఆ కాగితం మీదనే ఆధారపడి ఉన్నాయి.

మన కర్తవ్యం

పొరుగు పాఠశాల అన్న మాటకు చట్టంలో గౌరవం లభించింది. ఆ పొరుగు పాఠశాల మనదే. చేయవలసిన పనులలో చాలా వాటికి ఖర్చు లేదు. చూపు తక్కువైన బిడ్డను ముందు వరుసలో, వెలుతురు కంటిలో పడని చోట కూర్చోబెట్టడం, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలు వ్రాసి వాటిని పైకి చదవడం, వినికిడి తక్కువైన బిడ్డ వైపు ముఖం త్రిప్పి మాట్లాడడం, వ్రాయలేని బిడ్డను నోటితో పరీక్షించడం, నిలకడ లేని బిడ్డకు పాఠాన్ని చిన్న ముక్కలుగా చేసి ఇవ్వడం ఏ ఉపాధ్యాయిని అయినా రేపటి నుండే చేయగలదు. వీటి వలన మిగిలిన పిల్లలకూ లాభమే.

ఖర్చుతో కూడిన పనులు మూడు. క్రింది అంతస్తుకు వాలుబాట, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, కొద్దిపాటి బోధనోపకరణాలతో ఒక గది. జూబిలీ సందర్భంగా పాఠశాలకు ఏదైనా చేయాలని పలువురు పూర్వ విద్యార్థులు కుతూహలం చూపుతున్నారు. స్వాగత తోరణం కంటె ముందుగా ఈ మూడింటిని తలచుకొనవలసిందిగా వారిని ప్రార్థిస్తున్నాను. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బిడ్డ చదువులో వెనుకబడినట్లు తోచిన రోజునే ఉపాధ్యాయినితో మాట్లాడండి, సంవత్సరాంత పరీక్ష దాకా ఆగవద్దు. మా ఉపాధ్యాయ సోదర సోదరీమణులు కూడ వరుసగా వారం రోజులు రాని ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళి, కారణం తెలుసుకొని, ఆ తరువాతనే పట్టికలో ఏదైనా వ్రాయాలని కోరుచున్నాను.